ఎడమ చేతి గడియారం

మా మావయ్యగారు సుబ్బరాయుడు గారికి పక్షవాతం వచ్చింది పత్తితీతలు జోరుగా సాగుతున్న రోజుల్లో. విజయవాడ ఆస్పత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చేసరికి చేలల్లో మోళ్ళు మిగిలాయి. ఎడమ కాలు కాస్త స్వాధీనంలోకి వచ్చింది. కర్ర ఊతంతో వరండా దాకా నడిచేవారు. మాట ముద్దగా ఉన్నా అర్థమయ్యేది. ఎడమ చెయ్యి మాత్రం రాలేదు.

మాది వత్సవాయి. తిరునాళ్ళకి మా ఊళ్ళో ఎడ్ల బండలాగుడు పందేలు జరుగుతాయి. పొడుగాటి బరిలో ఒక్కో జత బండను ఆ చివరికీ ఈ చివరికీ లాగుతుంది. ఇచ్చిన టైములో ఎక్కువ దూరం లాగిన జతది గెలుపు. కాబట్టి అక్కడ టైము చూసేవాడి మాటే మాట. మా ఊళ్ళో అది మావయ్యగారి పని. నేను కాపురానికి రాకముందు నుంచీ అంతే. ఎడమ చేతిలో గొలుసున్న జేబు గడియారం, కుడిచేతిలో ఎర్రజెండా. జెండా ఎత్తితే మొదలు, దించితే ఆఖరు. ఆయన దించాక ఎంతటి మోతుబరి అయినా నోరెత్తేవాడు కాదు. ఎవరి జతకీ ఒక క్షణం ఎక్కువ ఇవ్వడని, తన సొంత ఎడ్లు బరిలో ఉన్న ఏడు కూడా ఇవ్వలేదని చెప్పుకునేవారు.

ఇంట్లో మాత్రం ఆయన నాతో మాట్లాడింది తక్కువ. అత్తయ్య ఉన్నన్నాళ్ళూ ఏం కావాలన్నా ఆవిడతోనే చెప్పేవారు. ఆవిడ పోయాక "అమ్మాయ్, మంచినీళ్ళు", "అమ్మాయ్, తలుపేసుకో". అంతే. కోపం కాదు, అదొక పద్ధతి. నేనూ అలాగే తల వంచుకుని తిరిగేదాన్ని. ఇప్పుడు ఆయనకి అన్నం కలిపి పెట్టడం, చొక్కా బొత్తాలు పెట్టడం నా మీద పడ్డాయి. బొత్తాలు పెడుతున్నంతసేపూ ఆయన గోడకేసి చూసేవారు.

ఒకరోజు పొద్దున్నే తిరునాళ్ళ కమిటీ పెద్ద బసవయ్య వచ్చాడు. వరుసకి మావయ్యగారికి అల్లుడవుతాడు. కుర్చీ దగ్గరకి లాక్కుని కూర్చున్నాడు.

"మావా, ఈసారి టైము చూపించే లైట్ల బోర్డు తెప్పిస్తున్నాం. అంకెలు ఇంతింత లావున కనపడతాయి. మైలు దూరం నుంచి కూడా చూడొచ్చు. నువ్వు హాయిగా స్టేజీ మీద కూచో. శాలువా కప్పి సన్మానం చేస్తాం."

మావయ్యగారు నోరు తెరిచేలోపే మా ఆయన రాంబాబు అందుకున్నాడు. "అదే మంచిది బసవయ్య గారూ. నాన్నకి ఇప్పుడు రెస్టు కావాలి. ఎండలో నిలబడే ఓపికెక్కడిది?"

"మరేగా. నలభై ఏళ్ళు చేశాడు, చాలదూ?"

మావయ్యగారు ఒళ్ళో ఉన్న ఎడమ చెయ్యి వైపు చూసుకున్నారు. "సరే" అన్నారు. కాఫీ గ్లాసు పక్కన పెట్టేశారు.

ఆ రోజు నుంచీ ఆయన తిండి తగ్గిపోయింది. నందిగామలో ఫిజియోథెరపీకి వారం వారం తీసుకెళ్ళేవాళ్ళం. అక్కడ నవీన్‌బాబు అనే కుర్రాడు చెయ్యి పట్టుకుని ఎత్తిస్తే ఎత్తేవారు, వదిలేస్తే వదిలేసేవారు. "పెద్దాయన మనసు పెట్టట్లేదండి. చెయ్యి కావాలని ఆయనకే అనిపించాలి" అన్నాడు నవీన్‌బాబు నాతో. ఏం చెప్పను? ఆ చెయ్యి ఎందుకు కావాలో ఆ కారణాన్నే కదా బసవయ్య శాలువాలో చుట్టి పట్టుకుపోయింది.

ఒక మధ్యాహ్నం వంటింటి కిటికీలోంచి వరండా వైపు చూశాను. మావయ్యగారు గడియారాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని కుడిచేత్తో కీ ఇవ్వడానికి చూస్తున్నారు. కీ తిప్పాలంటే ఒక చెయ్యి పట్టుకోవాలి, ఇంకో చెయ్యి తిప్పాలి. మోకాళ్ళు పట్టుకోలేకపోతున్నాయి. అప్పుడు నాకు తట్టింది, ఆస్పత్రి నుంచి వచ్చినప్పటి నుంచీ ఆ గడియారం ఆగిపోయే ఉందని. ఆయన ఎవర్నీ అడగలేదు. మాకూ తోచలేదు. నేను చూస్తుండగానే అది జారి గచ్చు మీద పడింది.

నేను వెళ్ళి తీశాను. అద్దం పగిలింది.

"మళ్ళీ వేయించొచ్చు మావయ్యగారూ. పేటలో గడియారాలు బాగుచేసే అయూబ్ గారికి ఇద్దాం."

"ఎందుకులే" అన్నారు. గడియారం వైపు చూసి, "ఆగిపోయిన దానికి అద్దమెందుకు?" అన్నారు. అన్నేళ్ళలో ఆయన నాతో అన్న మాటల్లో పనికి సంబంధం లేని మొదటి మాట అదే అనుకుంటా.

ఆ వారం నందిగామ నుంచి వస్తూ చిల్లకల్లు దగ్గర హైవే దిగి కారు జగ్గయ్యపేట లోపలికి తిప్పించాను. రాంబాబు విసుక్కున్నాడు. "ఇప్పుడా గడియారంతో ఏం పని? నా వాచీ చూడు, నడిచిన అడుగులు కూడా చెప్తుంది. నాన్నకీ ఇలాంటిదే కొంటానన్నా. వింటే గదా!"

వినరు. చేతికి గడియారం కట్టుకున్న మగాణ్ణి చూస్తే మావయ్యగారికి మొదట్నుంచీ చిన్నచూపు. మా ఆయన వాచీ చూసినప్పుడల్లా "గాజులు కూడా తొడుక్కో" అనేవారు.

అయూబ్ గారి కొట్టు మెట్లు ఎత్తు. మావయ్యగారు ఎక్కలేరని ఆయనే దిగి కారు దగ్గరికి వచ్చారు. గడియారాన్ని అరచేతిలో పెట్టుకుని చెవి దగ్గర ఆడించి చూశారు. "ప్రాణం బాగానే ఉంది రాయుడు గారూ. అద్దం వేసిస్తా. కీ ఎవరిస్తున్నారు?"

నేనే చెప్పాను, జరిగిందంతా. జెండా సంగతి, బోర్డు సంగతి కూడా. మావయ్యగారు కారు అద్దంలోంచి రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నారు.

అయూబ్ గారు లోపలికి వెళ్ళి ఒక పాత చేతి గడియారం పట్టుకొచ్చారు. లావుగా, గుండ్రంగా ఉంది. దానికి రెండు పక్కలా తీగ వంచి టంకం పెట్టారు. ఆ తీగల్లోంచి తోలు పట్టీ దూర్చి ఉంది.

"ఇది మా తాతగారి నుంచి వచ్చింది. అమ్మను. చూడండి, ఇది పుట్టడం జేబు గడియారంగానే పుట్టింది. తీగలు తర్వాత పెట్టారు."

"ఎందుకు?" అంది మావయ్యగారి ముద్ద మాట. అడుగుతారని నేననుకోలేదు.

"మా తాత చెప్పేవాడండి. అప్పట్లో చేతికి కట్టుకునే గడియారం ఆడవాళ్ళ నగల్లో ఒకటి. మగాడు కట్టుకుంటే వీధిలో నవ్వేవారట. తర్వాత యుద్ధం వచ్చింది, మొదటిది. ఫలానా టైముకి అందరూ ఒక్కసారి లేచి ఉరకాలని ఆర్డరు. గోతిలో పడుకుని తుపాకీ పట్టుకున్నోడు జేబులో చెయ్యిపెట్టి గొలుసు లాగుతూ కూచుంటే కుదురుద్దా? చేతులు ఖాళీ లేవు. అందుకని ఇదిగో, ఇలా మణికట్టుకి కట్టేసుకున్నారు. ఉన్నదానికే తీగలు పెట్టించుకున్నోళ్ళు, తోలు గిన్నెలాగా కుట్టించి అందులో పెట్టుకున్నోళ్ళు. యుద్ధం అయ్యాక కూడా తియ్యలేదు. అక్కణ్ణించి తిరిగొచ్చినవాడి చెయ్యి చూసి నవ్వే మగాడెవడు? చూస్తుండగానే అందరూ మొదలెట్టారు. జేబులోవి పెట్టెల్లోకి పోయినాయి."

మావయ్యగారు ఆ లావుపాటి గడియారాన్ని కుడిచేత్తో తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి తిరిగిచ్చారు.

"మీ గడియారానికి టంకం వేడి తగిలించడం నాకిష్టం లేదు. తోలు గిన్నె అయితే ఇబ్బంది లేదు" అన్నారు అయూబ్ గారు నా వైపు చూసి. "కీ తిప్పే బొడిపె వేళ్ళ వైపుకి ఉండాలమ్మా. అప్పుడు ఆ చెయ్యి పట్టుకుని ఉంటుంది, ఈ చెయ్యి కీ ఇస్తుంది."

కొత్త అద్దంతో గడియారం ఇంటికొచ్చింది. మూడు నాలుగు రోజులు బల్లమీదే ఉంది. ఒక పొద్దున బొత్తాలు పెడుతుంటే, "అమ్మాయ్" అన్నారు. "కొట్టంలో మేకుకి ఎద్దుల మెడపట్టెడ వేలాడుతుంటుంది. అది మంచి తోలు."

ఎడ్లని అమ్మేసి చాలా కాలమైంది. పట్టెడ దుమ్ము కొట్టుకుపోయి ఉంది. గంటలు విప్పేసి, కొబ్బరినూనె రాసి ఒక రోజంతా ఉంచాను. జాకెట్లు కుట్టే చెయ్యే కాని తోలు నాకు కొత్త. గోనెసంచులు కుట్టే దబ్బనంతో మొదలుపెట్టాను. మావయ్యగారు కుర్చీ నా దగ్గరికి వేయించుకున్నారు. "దగ్గర దగ్గరగా కుట్టు. ఆ మూల వదులైంది చూడు" అంటూ ఒకటే పోరు. దబ్బనం వేలికి గుచ్చుకుంటే నా నోటివెంట "మీరు కాసేపు ఊరుకోండి మావయ్యగారూ!" అని వచ్చేసింది. అని నాలుక కరుచుకున్నాను. ఆయన నవ్వారు. మూతి ఒక పక్కకే వెళ్ళింది గాని అది నవ్వే.

కట్టాను. ఎడమ చెయ్యి కుర్చీ చేతిమీద పెట్టుకుని కూర్చుంటే గడియారం ముఖం ఆయన వైపే ఉంది. కుడిచేత్తో తనే కీ ఇచ్చారు. తిప్పిన ప్రతిసారీ చిన్న కిరకిర. ఆగకుండా చివరిదాకా తిప్పారు.

సాయంత్రం రాంబాబు చూశాడు. నోటిదాకా వచ్చిన మాటేదో ఆపుకున్నట్టు కనిపించింది. "ఏరా, గాజులు బాగున్నయ్యా?" అన్నారు మావయ్యగారే ముందు. మా ఆయన గట్టిగా నవ్వాడు. ఆ ఇంట్లో తండ్రీ కొడుకులు కలిసి నవ్వడం చాలా రోజుల తర్వాత విన్నాను.

ఆ తర్వాత నందిగామలో నవీన్‌బాబు ఆశ్చర్యపోయాడు. చెయ్యి ఒళ్ళో ఉన్నప్పుడు గడియారం ముఖం తన వైపుకి తిరగాలంటే మణికట్టు కాస్త తిప్పాలి. మావయ్యగారు చెమటలు కక్కుతూ తిప్పేవారు. వేళ్ళు రాలేదు గాని మణికట్టు కదిలింది.

బసవయ్యకి కబురు పెట్టించారు. అతను వచ్చి చూసి తల గోక్కున్నాడు. "బోర్డుకి అడ్వాన్సు ఇచ్చేశాం మావా. కానీ అది మధ్యాహ్నం దాకా రాదు. పొద్దున పాలపళ్ళ విభాగం ఉంది. అది నువ్వు చూడు." పాలపళ్ళంటే ఇంకా పళ్ళు మారని లేత గిత్తలు. పెద్ద జతలన్నీ మధ్యాహ్నమే.

"చూస్తా" అన్నారు మావయ్యగారు. "అమ్మాయి నా పక్కనుంటది."

"బరిలోకి ఆడవాళ్ళా?" అన్నాడు బసవయ్య.

"నేను లేవాలంటే పట్టుకోవద్దూ? ఉంటేనే వస్తా."

పందెం రోజు పొద్దున్నే ఎండ మొదలైంది. బరి మొదట్లో కుర్చీ వేశారు. నేను గొడుగు పట్టుకుని పక్కన నిలబడ్డాను. జనం మొదట గడియారం కట్టిన చేతిని వింతగా చూశారు. వెనకాల ఎవరో ఏదో అంటే ఇద్దరు ముగ్గురు నవ్వారు కూడా. మావయ్యగారు జెండా ఎత్తారు. బండ కదిలింది. ఇంక ఎవరికీ ఆయన చెయ్యి గుర్తులేదు.

రెండు జతలు సవ్యంగా లాగి వెళ్ళాయి. జెండా ఎప్పటిలాగే ఠక్కున దిగింది. నేను గొడుగు కింద నుంచి ఆయన మణికట్టు మీద ముల్లు చూస్తూ ఉన్నాను. అన్నేళ్ళుగా ఆ గడియారం ఆయన గుప్పిట్లో ఉండేది. అందులో టైము ఎంతయిందో ఆయనొక్కరికే తెలిసేది. ఇప్పుడు చేతి మీద, పక్కనున్న నాకూ కనబడుతోంది.

మూడో జత మా వీధి సతీష్‌బాబుది. వరుసకి మా మరిది. ఆ గిత్తల్ని రెండేళ్ళుగా గుడ్లు, ఉలవలు పెట్టి పెంచాడు. మొదట్నుంచే ముందున్నాయి. మైకులో అరుపులు, ఈలలు. బరి అవతలి చివర తిరిగి మా వైపు వస్తుండగా ఎడమ వైపు గిత్త ముందుకాలు మడతపడింది. మోకాళ్ళ మీద కూలబడింది. మనుషులు పట్టి లేపారు. నాలుగడుగులు వేసి, మేమున్న చోటికి దగ్గర్లోనే మళ్ళీ కూలింది.

"లేపండి! ఇంకొక్క బారు లాగితే మొదటి బహుమతి సతీష్‌బాబుదే!" మైకు అరుస్తోంది. తోక మెలి పెట్టారు. సతీష్‌ చర్నాకోల తీసుకున్నాడు. ఒకటి పడింది. ఇంకొకటి. గిత్త లేవడానికి కుడి కాలు తన్నుకుంటోంది. ఎడమ కాలు ఒంటి కిందే ఉండిపోయింది. దాని నోట్లోంచి నురగ. జనం ఒకటే గోల.

మావయ్యగారు కుర్చీలో ముందుకి వంగారు. నేను గడియారం చూశాను. ముల్లు రావాల్సిన గీత ఇంకా దూరంగా ఉంది. మళ్ళీ గిత్తని చూశాను. చర్నాకోల మళ్ళీ లేచింది.

జెండా దిగింది.

ఒక్క నిమిషం ఎవరికీ అర్థం కాలేదు. సతీష్‌ చర్నాకోల పట్టుకునే పరిగెత్తుకొచ్చాడు. ముఖం జేవురించింది.

"బాబాయ్, ఇంకా టైముంది! అప్పుడే ఎలా దింపావ్?"

"అయిపోయింది" అన్నారు మావయ్యగారు.

"ఎట్లా అయిపోద్ది? నాకు లెక్క తెలీదా?" అతని చూపు గడియారం మీదికి పోబోయింది. మావయ్యగారి చెయ్యి, ఆ ఎడమ చెయ్యి, మెల్లగా తిరిగి బోర్లాపడింది. తిప్పారో, దానంతటదే పడిందో నాకు తెలియదు. సతీష్‌ నా వైపు తిరిగాడు. "వదినా, నువ్వు పక్కనే ఉన్నావుగా. నువ్వు చెప్పు. టైమైందా?"

బసవయ్య వచ్చాడు. దూరం కొలిచే దగ్గరున్న రాంబాబు వచ్చాడు. అందరూ నన్నే చూస్తున్నారు. మావయ్యగారు మాత్రం నా వైపు చూడలేదు. బరిలో మనుషులు గిత్త కాడి విప్పుతుంటే ఆయన అటే చూస్తున్నారు.

"అయింది సతీష్" అన్నాను.

అంతే. సతీష్‌ చర్నాకోల నేలకేసి కొట్టి వెళ్ళిపోయాడు. ఆఖరికి బహుమతి రెండో జతకి పోయింది. మావయ్యగారు మిగిలిన జతలకి కూడా జెండా పట్టారు, ముల్లు సరిగ్గా గీత మీదికొచ్చినప్పుడే దించారు. మధ్యాహ్నం బోర్డు వచ్చింది. శాలువా కప్పుతామని పిలిస్తే ఒంట్లో బాగాలేదన్నారు. ఇంటికి బయల్దేరే ముందు బసవయ్య చేతిలో జెండా పెట్టారు.

"ఇక నన్ను పిలవకు బసవయ్యా."

"ఏంటి మావా, సతీష్‌గాడు ఎగిరాడనా? కుర్రోడు, వాణ్ణి పట్టించుకుంటావా?"

"వాడి తప్పేం లేదు" అన్నారు.

కారులో రాంబాబు బాధపడ్డాడు. "అంత కష్టపడి చెయ్యి తిప్పడం నేర్చుకున్నావు, ఒక్కపూటకే మానేస్తావేంటి నాన్నా?" అన్నాడు.

పదిహేను రోజుల తర్వాత సతీష్‌ మా ఇంటికొచ్చాడు. పందెం తర్వాత అప్పటిదాకా మా గుమ్మం ముందు బండి ఆపేవాడే కాదు. వరండాలో మావయ్యగారికి ఎదురుగా మెట్టు మీద కూర్చున్నాడు. నేను మంచినీళ్ళు తెచ్చిచ్చాను. తాగి గ్లాసు పక్కన పెట్టాడు.

"డాక్టరు చూశాడు బాబాయ్. కీలు బెణికిందంట. ఇంకొంచెం లాగితే విరిగేదన్నాడు. నిన్నట్నుంచి నాలుగు కాళ్ళ మీదా నిలబడుతోంది. మేత తింటంది."

"మంచిది" అన్నారు మావయ్యగారు.

సతీష్‌ కాసేపు అరచేతులు రుద్దుకున్నాడు. "ఆ రోజు టైముంది గదా?"

లోపలికి వెళ్ళబోతున్న నేను గుమ్మంలో ఆగాను.

"ఉంది" అన్నారు మావయ్యగారు.

సతీష్‌ తల ఊపాడు. కోపం లేదు, నవ్వూ లేదు. నా వైపు చూశాడు, చూపు దించుకున్నాడు. "నా చేత్తో పెంచినదాన్ని నేనే..." అని ఆపేశాడు. లేచి కండువా దులుపుకున్నాడు. "వచ్చే ఏడు పళ్ళు మారతాయి. నువ్వే జెండా పట్టుకోవాల బాబాయ్. బసవయ్యతో నేను మాట్లాడతా."

"వద్దురా. బోర్డు చాలు."

అతను వెళ్ళాక నేను గ్లాసు తీయడానికి వచ్చాను. మావయ్యగారు గడియారానికి కీ ఇచ్చుకుంటున్నారు. పందెం రోజు నుంచి నా మనసులో తిరుగుతున్న మాట అడిగేశాను.

"ఎందుకు మానేశారు మావయ్యగారూ? ఒక్కసారికే కదా. సతీష్‌ కూడా ఏమనుకోలేదు."

ఆయన కీ ఇవ్వడం ఆపి నా ముఖంలోకి సూటిగా చూశారు.

"ఒక్కసారికి కాదమ్మాయ్. మళ్ళీ అట్లా ఏదైనా కూలబడితే మళ్ళీ దింపేస్తా. అది నాకు తెలిసిపోయింది. అందుకే మానేశా."